ఓడకు పంపిన కబురు

2023 నవంబరు. పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద నా ట్రావెల్స్ ఆఫీసుకు అప్పటికి పందొమ్మిదేళ్లు నిండాయి. ఒక పక్క మందుల దుకాణం, ఇంకో పక్క వెల్డింగ్ షాపు, మధ్యలో నాది ఇరుకు గది. అంతకుముందు ఏడాది దాకా అద్దం మీద తిరుపతి, షిర్డీ, వేళాంగణి బస్సుల బోర్డు ఉండేది. దాన్ని తీయించి తెల్లటి ఓడ బొమ్మ అతికించాను. లారీల దుమ్ముకు రోజుకు రెండుసార్లు తుడిస్తేగాని అది ఓడ అని తెలిసేది కాదు. సముద్రానికి ఇంత దూరంలో కూర్చుని ఓడ టికెట్లు అమ్ముతున్నానని వెల్డింగ్ షాపాయన నన్ను "కెప్టెన్ సాబ్" అని పిలిచేవాడు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల గొప్పగానే ఉండేది.

ట్రావెల్ ఏజెంటు అంటే టికెట్లు అమ్మేవాడనుకుంటారు. టికెట్టు ఇవాళ ఎవరి ఫోన్‌లో వాళ్లే కొనుక్కుంటున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు కొనుక్కునేది, దారిలో ఏదైనా జరిగితే చూసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం. ఆ ధైర్యంలో ఎవరూ పైకి మాట్లాడని భాగం ఒకటుంది. అది చావు కబురు.

బస్సు టూర్లలో పెద్దవాళ్లు ఎక్కువగా వస్తారు. వాళ్లు యాత్రలో ఉండగా ఇంటి దగ్గర ఎవరో ఒకరు పోవడం నా అనుభవంలో చాలాసార్లు జరిగింది. అలాంటప్పుడు ఇంటివాళ్లు బస్సులో ఉన్న మనిషికి ఫోన్ చేయరు, నాకు చేస్తారు. నేనూ ఆ మనిషికి చేయను, డ్రైవరుకు చేస్తాను. మా డ్రైవరు యాదగిరి టీ హోటల్ దగ్గర బస్సు ఆపి, ఆ మనిషి పక్కన కూర్చుని, ఇంటి దగ్గర సీరియస్‌గా ఉందట, వెనక్కి పోదామని చెప్తాడు. సీరియస్ అన్న మాటకు అర్థం బస్సులో అందరికీ తెలుసు. విన్న మనిషికి కూడా దారిలో మెల్లగా తెలిసిపోతుంది. ఎవరూ వివరాలు అడగరు, పక్క సీటువాళ్లు చెయ్యి పట్టుకుంటారు, ఇల్లు చేరేసరికి మనసు సగం సిద్ధపడి ఉంటుంది. "బస్సు తిరిగిందంటే సగం కబురు చెప్పినట్టే అన్నా" అనేవాడు యాదగిరి. ఆ పని మేం బాగా చేస్తామని మాకిద్దరికీ పేరుండేది. నిజం చెప్పాలంటే, అందుకు నేను కొంచెం గర్వపడేవాణ్ణి కూడా.

ఆ నవంబరులో సునీల్ వచ్చాడు. ముప్పై నాలుగేళ్లవాడు, ఒక కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. హెల్మెట్ తీసి నా టేబుల్ మీద పెట్టి కూర్చున్నాడు. వాళ్లమ్మ సుగుణమ్మ టీచర్. మూడో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే. బడిలో ముప్పై ఎనిమిదేళ్లు, చర్చిలో ఆదివారం పిల్లలకు అంతకన్నా ఎక్కువ కాలం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు కావస్తోందని, వాళ్లను ఎక్కడికైనా పంపాలని సునీల్ ఆలోచన.

"అన్నా, మా అమ్మ పుస్తకంల సముద్రం బొమ్మ సూపెట్టి గన్నేండ్లు పాఠం చెప్పింది. తను మాత్రం ఒక్కసారి గూడ సూడలే" అన్నాడు.

అతను అనుకుని వచ్చింది విశాఖపట్నం. రైల్లో పోయి, అక్కడ కారు మాట్లాడుకుని, అరకు చూసి రావడం. నేనే వద్దన్నాను. వాళ్ల నాన్న ప్రకాశం సార్‌కు మోకాళ్లు అరిగిపోయాయి. నేల మీద ప్రయాణం అంటే రోజూ పెట్టె సర్దడం, లాడ్జి మెట్లు, కారెక్కడం, దిగడం. ఓడలో ఒకసారి పెట్టె విప్పితే ఐదో రోజు మూసుకుంటే చాలు. లిఫ్టులున్నాయి, గదికీ భోజనానికీ మధ్య నాలుగడుగులు, చూడాల్సిన సముద్రం కిటికీ దగ్గరికే వస్తుంది. ఈ మాటలు నేను ఎన్నిసార్లు చెప్పానో, నిద్రలో లేపినా చెప్పగలను. అబద్ధమూ కాదు.

"మధ్యల ఏమన్న అయితే ఎట్ల?" అని అడిగాడు సునీల్.

ఓడలో డాక్టరు ఉంటాడని, చిన్న దవాఖానే ఉంటుందని చెప్పాను. అతను తృప్తిపడ్డాడు. మా ఇద్దరి ఆలోచనా ఓడలో ఉండబోయే ముసలివాళ్ల గురించే. ఇంటి దగ్గర ఏమైనా అయితే అన్నది అతనికీ తట్టలేదు, పందొమ్మిదేళ్లుగా అదే పని చేస్తున్న నాకూ తట్టలేదు.

ముంబైలో ఎక్కి లక్షద్వీప్ చూసి మళ్లీ ముంబైలో దిగే క్రూజ్ బుక్ చేశాను. నాలుగు రాత్రులు. క్రూజ్ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఒక గడి ఉంటుంది. ఓడలో ఏదైనా అయితే వాళ్లు ఫోన్ చేయాల్సిన మనిషి. కొడుకు నంబరు రాయబోతే సునీలే ఆపాడు. ప్లాంటు లోపలికి ఫోన్లు రానివ్వరు, నిప్పురవ్వ భయం. గేటు దగ్గర పెట్టి పోవాలి. "నీదే రాయి అన్నా" అన్నాడు. రాశాను. ఓడలో వైఫై ప్యాకేజీ కూడా నేనే వద్దన్నాను. ఒడ్డు వదిలిన రెండు గంటలకు సిగ్నల్ పోతుంది, దీవి దగ్గర మళ్లీ వస్తుంది, ఒక రోజు ఫోన్ లేకపోతే ప్రపంచం మునిగిపోదని నవ్వాను.

వాళ్లు ఓడెక్కిన మూడో రోజు మధ్యాహ్నం దీవి నుంచి టీచర్ నాకు ఒక ఫొటో పంపారు. చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి పట్టుకుని, పాదాల మీదికి వచ్చిన నీళ్లను చూసుకుంటున్నారు. కెమెరా వైపు కూడా చూడలేదు. ఆ మధ్యాహ్నమే సునీల్‌తో అరగంట మాట్లాడారట. నాలుగింటికి ఓడ దీవి వదిలింది. ఆరున్నర ప్రాంతంలో, డ్యూటీ దిగి బైక్ మీద ఇంటికి వస్తున్న సునీల్‌ను ముత్తంగి జంక్షన్ దగ్గర లారీ కొట్టింది. అక్కడికక్కడే పోయాడు.

నాకు ఫోన్ చేసింది రాజు, సునీల్ భార్య తమ్ముడు. బావ పోయాడని చెప్పి కాసేపు ఏడ్చాడు. తర్వాత, అక్క అత్తమామలకు ఉన్నదున్నట్టు చెప్పొద్దని, పెద్దలంతా అదే అంటున్నారని, సీరియస్ అని మాత్రం చెప్పమని అన్నాడు. అది నాకు తెలియని పనా? సరే అన్నాను.

క్రూజ్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకు చేస్తే ఓడలోని గెస్ట్ రిలేషన్స్ డెస్క్‌కు కలిపారు. ప్రయాణికుల మంచిచెడ్డలు చూసే కౌంటరు అది. అవతల ఒక అమ్మాయి, హిందీలో నెమ్మదిగా మాట్లాడింది. సరిగ్గా ఏం జరిగిందో చెప్పమంది. మరణమైతే తమకు ఒక పద్ధతి ఉందని వివరించింది. గదికి ఫోన్ చేసి చెప్పరు, ఒక ఆఫీసరు, డాక్టరు కలిసి వెళ్లి పక్కన కూర్చుని చెప్తారు. విడిగా ఒక గది ఇస్తారు. ఇంటితో ఎంతసేపైనా మాట్లాడుకోనిస్తారు. ఒడ్డు చేరేదాకా ఎవరో ఒకరు తోడుంటారు. నేను సీరియస్ అని చెప్పాను. ఆ అమ్మాయి ఇంకోసారి అడిగింది. ఒడ్డు చేరడానికి ముప్పై ఆరు గంటలు పడుతుంది, ఓడ వెనక్కి తిరగదు, ఆలోచించి చెప్పండి సర్ అంది. నేను మళ్లీ సీరియస్ అనే అన్నాను. ఆమెకు మన ఇళ్ల సంగతి తెలియదులే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సాయంత్రం తన పని తెలిసిన మనిషి ఆ అమ్మాయి ఒక్కతే.

అరగంటలో ఓడలోని డెస్క్ ఫోన్ నుంచి టీచర్ చేశారు.

"శంకర్, ఏమైంది బిడ్డా నా కొడుక్కు?"

"యాక్సిడెంట్ అయింది టీచర్. సీరియస్‌గ ఉంది."

బస్సులో అయితే ఆ మాట తర్వాత ఏడుపు, ఆ తర్వాత మౌనం. ఇక మేం చెప్పాల్సింది ఉండదు. కానీ ఆవిడ ఉన్న చోట ఏదీ వెనక్కి తిరగలేదు. ఓడ తన దారిన తను పోతోంది, డైనింగ్ హాల్లో సంగీతం వినిపిస్తూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లకు సీరియస్ అంటే సీరియస్సే. ఆవిడకు ఆ మాట పూర్తి అర్థం చెప్పే దారి గానీ మనిషి గానీ లేదు. అందుకని ఆవిడ అడగడం మొదలుపెట్టారు. ఏ దవాఖాన, తలకు తగిలిందా, రక్తం కావాలా, డాక్టరు ఏమన్నాడు. ఒక్కొక్క ప్రశ్నకు నేను ఒక్కొక్క అబద్ధం చెప్పాను. ఐసీయూలో ఉన్నాడన్నాను. పొద్దున ఆపరేషన్ అన్నాను. పొద్దున మళ్లీ ఫోన్ చేసి ఆపరేషన్ అయిందా అని అడిగితే అయిందన్నాను.

ఆ మధ్యాహ్నం నేను వాళ్ల గల్లీ మొదట్లో ఉన్నాను. షామియానా వేస్తున్నారు. ఇంట్లో సునీల్‌ను ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. ఓడ నుంచి ఫోన్ రాగానే, ఏడుపులు అందులోకి వెళ్తాయని నేను రోడ్డు దాటి అవతలికి పోయాను. ముందు ప్రకాశం సార్ మాట్లాడారు. రాత్రి నుంచి ఆమె మోకాళ్ల మీద ప్రార్థనలోనే ఉందని, ఉపవాసం పట్టిందని, నీళ్లు కూడా ముట్టడం లేదని, షుగరు మనిషి ఏమవుతుందో భయంగా ఉందని చెప్పి ఆమెకు ఇచ్చారు. ఆవిడ గొంతు సన్నబడిపోయి ఉంది.

"శంకర్, నన్ను యాది చేసిండా?"

ఆవిడ నీళ్లు తాగాలని, అంతే నేను అనుకున్నది. ఆ మాట రాజు చెప్పమన్నది కాదు, పెద్దలు చెప్పమన్నది కాదు. పూర్తిగా నాది.

"జెరసేపు తెలివికొచ్చిండు టీచర్. అమ్మ ఎప్పుడొస్తదని అడిగిండు."

 దేవునికి స్తోత్రం అన్నారు, మెల్లగా, రెండుసార్లు. నీళ్లు తాగిందని సార్ పది నిమిషాల తర్వాత ఫోన్ చేసి చెప్పారు. నాకు థ్యాంక్స్ కూడా చెప్పారు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, షామియానా కట్టేవాళ్లకు తాడు అందించడానికి పోయాను.

మర్నాడు తెల్లవారుజామున విమానంలో ముంబై వెళ్లి పోర్టు దగ్గర నిలబడ్డాను. ఆవిడ నవ్వుమొహంతో దిగారని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కానీ దాదాపు అలాగే దిగారు. అలసిపోయి ఉన్నారు, కళ్లు ఉబ్బి ఉన్నాయి, అయినా ముఖంలో ఒక నెమ్మది. వెంట పక్క గదిలోని గుజరాతీ కుటుంబం కూడా వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆవిడ ఓడలో వాళ్లందరి ముందూ సాక్ష్యం చెప్పారట. వాళ్ల చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి పదిమందికీ చెప్తారు. దాన్ని సాక్ష్యం అంటారు. నా కొడుక్కు దేవుడు మళ్లీ మాట తెప్పించాడని ఆవిడ ఓడలో నిలబడి చెప్పారు. గుజరాతీ ఆయన కళ్లు తుడుచుకుంటూ, కొడుకు కోలుకున్నాక తప్పకుండా ఫోన్ చేయమని నంబరు రాసిచ్చాడు. టీచర్ నన్ను చూపించి, కొడుకు మాట తనకు చేరవేసింది ఇతనేనని వాళ్లకు చెప్పారు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ప్రకాశం సార్ నా ముఖంలోకి ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. ఆయనకు అర్థమైపోయింది. విమానం హైదరాబాద్‌లో దిగేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. నా అబద్ధాన్ని ఆయన కూడా నాతోపాటు మోశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎయిర్‌పోర్టు నుంచి కారులో వచ్చి ముత్తంగి దగ్గర రింగు రోడ్డు దిగాం. లారీ కొట్టిన చోటు మీదుగానే. "సక్కగ దవాఖానకే పోనియ్ బిడ్డా" అని టీచర్ డ్రైవరుతో అన్నారు. డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. కారు వాళ్ల కాలనీలోకి తిరిగింది. గల్లీ చివర షామియానా, దాని కింద తెల్లటి కుర్చీలు కనిపించాయి.

ఆవిడ కేక వేయలేదు. షామియానాను చూసి, నా వైపు తిరిగారు.

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రమే టీచర్."

ఆవిడ కారు దిగి నడిచి వెళ్లారు. ఆ సాయంత్రం చర్చి సమాధుల తోటలో కొడుకు మీద పిడికెడు మన్ను వేసి, చేతికి అంటిన మట్టిని దులుపుకోకుండా అలాగే నిలబడ్డారు.

రెండున్నర నెలల తర్వాత ఒక పగటిపూట ఆవిడ ఒంటరిగా నా ఆఫీసుకు వచ్చారు. కుర్చీ వేశాను. అద్దం మీద ఓడ బొమ్మ అలాగే ఉంది. ఆవిడ దానివైపు ఒకసారి చూసి, ఒక్క మాట అడిగి పోదామని వచ్చానన్నారు.

"నన్ను యాది చేసిండని చెప్తివి గద. ఆడ రోడ్డు మీద నీళ్లు వోసినోళ్లు ఎవలన్న ఇన్నరా ఆ మాట? లేకుంటే నువ్వే అంటివా?"

అవును, అక్కడున్నవాళ్లు విన్నారు అనేస్తే ఆ తల్లికి జీవితాంతం సరిపోయే మాట అది. నోటి దాకా వచ్చింది. కానీ ఎదురుగా కూర్చున్నది నాకు ఎక్కాలు నేర్పిన మనిషి.

"నేనే కల్పించి చెప్పిన టీచర్."

ఆవిడ తల ఊపారు. అనుకున్నాను అన్నట్టు. చాలా నెమ్మదిగా మాట్లాడారు.

"అందరి ముందట సాక్ష్యం చెప్పిన శంకర్. అప్పటికి వాడు పెట్టెల ఉన్నడు. పిల్లగాండ్లకు అబద్ధమాడొద్దని ముప్పై ఎనిమిదేండ్లు చెప్పిన, నీకు గూడ చెప్పిన. నాతోటే అబద్ధ సాక్ష్యం చెప్పిచ్చినవు."

నేను చేతులు జోడించాను. 

"నీ మీద కోపంల రాలే. నిజం చెప్పుంటే ఆ నీళ్ల మీదనే ఏడుద్దును. ఒకటిన్నర రోజు నా బిడ్డ కోసం ఏడ్వవలసినదాన్ని, బతికియ్యమని అడుక్కుంట కూసున్న. ఇప్పుడు ప్రార్థనల కూసుంటే మాట వస్తలేదు. అవుతల ఎవలన్న ఇంటున్నరా, లేకుంటే నీ లెక్కనే నన్ను నిమ్మలం చేస్తున్నరా అనిపిస్తది."

లేచి, కుర్చీని మళ్లీ టేబుల్ కిందికి జరిపి, వెళ్లిపోయారు. బడిలో మాకు నేర్పిన అలవాటు అది.

ఇన్నేళ్లూ నేను కబురును మెత్తగా చెప్తున్నాననుకున్నాను. ఆ పని నాది కాదు, దారిది. బస్సు వెనక్కి తిరగడం, దాటిన ఊళ్లన్నీ మళ్లీ ఎదురవడం, పక్కవాళ్లు మాట్లాడకపోవడం, ఇవే నా బదులు నిజం చెప్పేవి. నేను మొదటి అబద్ధం ఆడి తప్పుకునేవాణ్ణి. నీళ్ల మీద ఆ దారి లేదు. అక్కడ నేను అన్న మాట అన్నట్టే నిలబడిపోయింది.

ఇప్పుడు క్రూజ్ బుక్ చేసే ప్రతివాళ్లనూ ఒక ప్రశ్న అడుగుతున్నాను. మీరు నీళ్ల మీద ఉండగా ఇంట్లో జరగరానిది జరిగితే, ఉన్నదున్నట్టు చెప్పమంటారా, ఒడ్డు చేరేదాకా ఆగమంటారా అని. శుభమా అని ప్రయాణం పెట్టుకుంటే ఇదేం మాటని కొందరు కోప్పడతారు. కొందరు లేచి వేరే ఏజెంటు దగ్గరికి పోతారు. పోనీ. ఫారంలో నా నంబరు రాయడం మానేశాను. ఈ కేసు నేర్పింది అంతే. అయిపోయినదాన్ని బాగుచేసే పాఠం ఏదీ అందులో లేదు, వెతికి చూశాను.

ప్రకాశం సార్ అప్పుడప్పుడు కనిపిస్తారు. టీచర్ చర్చికి వస్తున్నారట, పాటలు కూడా పాడుతున్నారట. సాక్ష్యాల టైము కాగానే లేచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. అవి అయిపోయాక మళ్లీ లోపలికి వెళ్తారు. ఆ చర్చి మా ఆఫీసు దారిలోనే ఉంది. ఆదివారం ఆ టైముకు నేను ఆ రోడ్డున పోను.